బక్కపిల్లల వంతు

ఆ లేబొరేటరీలో ఎవరినైనా సాగనంపాలంటే తిట్టరు, గొంతు పెంచరు. "పాపం, చెయ్యి మంచిది కాదు" అంటారు. అంతే. ఆ మాట ఒకసారి మీద పడ్డాక ఆ మనిషి ఏం చూపించినా ఎవరూ కన్నెత్తి చూడరు. వంట బాగా చెయ్యదని పేరు పడ్డ కోడలి కూరలో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే అయినట్టు, ఆ మనిషి తీసిన లెక్కలన్నీ తప్పులే అయిపోతాయి.

మంగళవారం ఉదయం ప్రొఫెసర్ గోర్డన్ ఆ మాట తన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ట్రూడీ మీద వేశాడు. ఆరేళ్ళుగా తన దగ్గరే పని చేస్తున్న లరిస్సా గదిలోకి రాగానే కాలితో తలుపు నెట్టి, బల్ల మీదున్న డోనట్ల డబ్బా ముందుకు జరిపాడు.

"తీసుకో. చెడ్డ కబురు చెప్పేముందు నోరు తీపి చెయ్యాలనేది మా అమ్మ."

"నాకా చెడ్డ కబురు?"

"నీకెందుకు? నీది పండగ. ట్రూడీకి." ఆయనే ఒక డోనట్ కొరికి, చొక్కా మీద రాలిన చక్కెర పొడి దులుపుకున్నాడు. "పాపం, చెయ్యి మంచిది కాదు లరిస్సా. పిల్ల మంచిదే. కష్టపడుతుంది. ఏం లాభం? అడిగితే ఎలుకల్లోనే ఏదో ఉందంటుంది. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా?"

పరిశోధన వ్యాసాలు అచ్చువేసే పత్రిక వాళ్ళు పెట్టిన మెలిక నుంచి వచ్చింది ఈ గొడవంతా. ఎలుకపిల్ల పుట్టినప్పుడు దాని చిన్నమెదడులో ఒక్కో పెద్ద కణం మీదికి నాలుగైదు నరాల తీగలు పాకి అల్లుకుని ఉంటాయి. పిల్ల కళ్ళు తెరిచి, నడక నేర్చి, పాలు మానే వేళకి ఒక్క తీగే నిలుస్తుంది. మిగిలినవి వాటంతట అవే తప్పుకుంటాయి. ఉండేది ఏది, పోయేది ఏది, ఆ తీర్పు ఎవరు చెబుతారు అన్నదే గోర్డన్‌కి ఇరవయ్యేళ్ళ సంసారం. ఫలానా జన్యువు లేకుండా పుట్టిన పిల్లల్లో ఆ తీగలు తప్పుకోవని, రెండూ మూడూ అలాగే పట్టుకు వేలాడతాయని లరిస్సా తేల్చింది. ఆరేళ్ళు పట్టింది. పత్రిక వాళ్ళు అంతా బాగుందన్నారు. ఇంకో మనిషి చేత కూడా ఇదే పని చేయించి చూపించమన్నారు. ఆ ఇంకో మనిషి ట్రూడీ. ట్రూడీ చేతిలో మామూలు పిల్లల్లోనూ రెండేసి తీగలు కనిపిస్తున్నాయి. తేడా లేదంటే కథే లేదు.

"శుక్రవారం ట్రూడీ చదువు సంగతి తేల్చే కమిటీ. చూచాయగా చెప్పి ఉంచాను," అన్నాడు గోర్డన్. "నువ్వు రెండు రోజులు పక్కన కూర్చుని చూడు. ఎక్కడ చెడగొడుతోందో నాకు చెప్పు. నీ అంత చెయ్యి తిరిగిన మనిషి ఈ దేశంలోనే లేదు, నువ్వు చెబితే వాళ్ళిక నోరెత్తరు. ఇది అచ్చయితే తూర్పు తీరంలో నీ ఉద్యోగం ఖాయం. నాలుగు ముక్కలు చెప్పడమే నీ పని."

"సరే," అంది లరిస్సా.

ఒక మనిషి చదువు తీసేయడానికి నాలుగు ముక్కలు చెప్పమంటే ఆమెకి చీమ కుట్టినట్టయినా లేదు. ట్రూడీ అంటే పడకా కాదు, ఉద్యోగం మీద ఆశతోనూ కాదు. ఆమెకి కొంతకాలంగా ఏదీ కుట్టడం లేదు. కిందటి నెల అక్క ఫోన్లో ఏడుస్తుంటే, మైక్రోవేవ్‌లో సూప్ వేడెక్కడానికి ఇంకెంతసేపుందో చూస్తూ నిలబడింది. డోనట్ తీసుకుంది. తిన్నది. తియ్యగా ఉందని తెలిసింది.

*

బుధవారం ఆమె చీకటి గదిలోకి వెళ్ళేసరికే ట్రూడీ పని మొదలుపెట్టేసింది. ట్రూడీ పందుల ఫారం మీద పెరిగిన మనిషి. మణికట్లు లావు, వేళ్ళు పొట్టి, గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉంటాయి. ఆ చేతులు చూస్తే ఎవరికైనా బస్తాలు మొయ్యడానికి పనికొస్తాయనే అనిపిస్తుంది. గోర్డన్‌కీ అలాగే అనిపించి ఉంటుంది.

"వచ్చారా? కుర్చీ అటు లాక్కోండి. దీని కాలొకటి విరిగింది, పడతారు," అంది ట్రూడీ తల తిప్పకుండా.

లరిస్సా కూర్చుంది. తప్పు వెతకడానికి వచ్చిన మనిషి కనుక తప్పే వెతికింది. మత్తిచ్చిన పిల్ల తల కత్తెరతో తీసి, పుర్రె విప్పి, చిన్నమెదడుని చల్లటి ద్రవంలోకి జారవిడిచేదాకా ఎంతసేపు తీసుకుంటుందో చూసింది. తను తీసుకునేంతే. దాన్ని లోహపు దిమ్మెకి జిగురుతో అతికించి, వణికే బ్లేడు కింద పల్చగా కోస్తుంటే బ్లేడు వేగం చూసింది. తను పెట్టేదానికంటే నెమ్మది, ఇంకా మంచిది. ముక్కల్ని గోరువెచ్చటి ద్రవంలో ఉంచి, గాలిబుడగలు సరిగ్గా వస్తున్నాయో లేదో వేలు తడిపి చూస్తోంది ట్రూడీ. ఆ అలవాటు ఎవరూ నేర్పలేదు.

తర్వాత అసలు పని. ఒక ముక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టి, వెంట్రుకకంటే సన్నటి గాజుసూదిని కణం దగ్గరికి తీసుకువెళ్ళాలి. సూది వెనక రబ్బరు గొట్టం ఉంటుంది. దాని కొస నోట్లో పెట్టుకుని, సూది కణానికి ఆనగానే ముద్దు పెట్టినంత మెత్తగా గాలి లాగాలి. గట్టిగా లాగితే కణం చిరిగి చస్తుంది, లాగకపోతే పట్టు చిక్కదు. లరిస్సా ట్రూడీ పెదవుల్ని చూస్తూ కూర్చుంది. బుగ్గ కదిలిందో లేదో తెలియలేదు. తెర మీద గీత నిటారుగా లేచి నిలబడింది. మొదటిసారికే పట్టు దొరికింది.

"మామూలు పిల్లేనా?" అంది లరిస్సా.

"మామూలుదే. చెవి గుర్తు మీరే చూసుకోండి."

ట్రూడీ రెండో సూదితో పక్కనుంచి కరెంటు కొద్దికొద్దిగా పెంచింది. తీగ ఒక్కటే ఉంటే కణం ఒకే దూకు దూకి ఆగిపోతుంది, ఆ తర్వాత ఎంత పెంచినా అంతే. రెండుంటే మెట్టు మీద మెట్టులా రెండు దూకులు. తెర మీద ఒక మెట్టు వచ్చింది. ఇంకాస్త పెంచితే రెండోది.

"ఇదిగో," అంది ట్రూడీ. గొంతులో గెలుపు లేదు, ఓటమీ లేదు. "రోజూ ఇంతే. సూది జరుపుతా చూడండి, ఎక్కణ్ణుంచి కొట్టినా రెండే."

జరిపింది. రెండే. లరిస్సా తనే లేచి సూది జరిపింది. రెండే. మధ్యాహ్నందాకా అలా కణం తర్వాత కణం చూశారు. తప్పు దొరకలేదు. తప్పు దొరకనందుకు లరిస్సాకి చిరాకూ రాలేదు, సంతోషమూ కలగలేదు.

భోజనానికి మెట్ల కింద బల్ల దగ్గర కూర్చున్నారు. ట్రూడీ వేడిచేసిన పెరోగీలూ, అంటే బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, ఇంటి నుంచి తెచ్చిన పొగపట్టిన సాసేజీ ముక్కలూ మూత మీద పెట్టి ఇటు తోసింది.

"తినండి. మా నాన్న చేసిందే. మీరు రోజూ ఆ పొడి సూప్ తాగుతుంటే చూడలేకపోతున్నా."

"నాకు చాలు."

"చాలకేం, తినండి." ట్రూడీ కాసేపు నమిలింది. "శుక్రవారం నన్ను తీసేస్తున్నారు కదా?"

"కమిటీ ఉంది."

"తెలుసులెండి. ఆయన నాకు డోనట్ ఇచ్చాడు. ఇంతవరకూ ఎప్పుడైనా ఇచ్చాడా?" నవ్వింది, కానీ ఫోర్కు కిందపెట్టేసింది. "మళ్ళీ ఇంటికెళ్ళి పందుల పేడ ఎత్తుకోవాలి. అదైనా నాకు బాగా వచ్చని మా అమ్మ చెప్తుందిలే. మీరేం చెప్తారు ఆయనకి?"

"చూసింది చెప్తాను."

"ఏం చూశారు?"

లరిస్సా సాసేజీ ముక్క నోట్లో పెట్టుకుంది. ట్రూడీ ఇంకో ముక్క ఇటు తోసింది.

*

గురువారం ఆమె కాస్త ముందుగా వచ్చి ట్రూడీతో కలిసి కిందికి, ఎలుకల గదికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందంటే చెప్పడానికి కారణం లేదు. పైన చూడాల్సిందంతా చూసేసింది, చూడనిది అదొక్కటే మిగిలింది.

వెచ్చటి గది, రంపపు పొట్టు వాసన. ట్రూడీ పెట్టె దించి మూత తీసింది. తల్లి కింద పిల్లలు కుప్పగా పడి ఉన్నాయి. ఒకదాన్నొకటి తొక్కుకుంటూ చన్ను కోసం తోసుకుంటున్నాయి. బలిసినవి మధ్యలో చేరి జుర్రుతున్నాయి. ఒకటి మాత్రం గుంపుకి అవతల, పొట్టు అంచున, వీపు ఎముకలు కనిపించేలా ఉంది. లోపలికి దూరబోయి తన్ను తిని వెనక్కి పడుతోంది. ట్రూడీ చెయ్యి పెట్టి దాన్నే తీసింది. జన్యువు ఉన్నదో లేనిదో తెలిపే చెవి గుర్తు చూసుకుంది.

"అదెందుకు?" అంది లరిస్సా.

"ఏం? మామూలుదే కదా."

"బక్కది. లావుది తీసుకో. లావు పిల్ల ముక్కలు ఎక్కువసేపు బతుకుతాయి."

"ఎవరన్నారు?"

"అందరికీ తెలిసిందే."

"నాకెవరూ చెప్పలేదు మరి." ట్రూడీ ఆ పిల్లని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో వీపు నిమిరింది. "మా ఇంటికాడ బక్కపిల్ల పుట్టిందంటే మా నాన్న కాళ్ళు పట్టుకుని నేలకేసి కొట్టేవాడు. దానికి పెట్టే మేత దండగ అని. నేను అడ్డం పడేదాన్ని, రెండు తన్నులు తినేదాన్ని. ఇక్కడ ఎటూ అన్నీ చచ్చేవే. మరి బక్కదైతే ఏంటి, బలిసిందైతే ఏంటి? ఏది అందితే అది తీస్తా. బక్కది అంచున ఉంటుంది గదా, అదే ముందు చేతికొస్తది."

లరిస్సా పెట్టె మూత పట్టుకుని నిలబడిపోయింది. జన్యువు లేని పిల్లలు నాలుగింట ఒకటి పుడతాయి. అవి బంగారంతో సమానం. బక్కగా ఉన్నా, ఎలా ఉన్నా, దొరికినదాన్ని దొరికినట్టు వాడుకోవాలి. అవెప్పుడూ బక్కగానే ఉంటాయి. మామూలువి బోలెడు, కనుక ఏరుకోవచ్చు. ఆరేళ్ళూ ఆమె చెయ్యి ఏరుకుంటూనే ఉంది. ఒకవైపు పాలు చాలని పిల్లలు, మరోవైపు కడుపునిండిన పిల్లలు. వాటి మధ్య తేడా చూపించి, అది జన్యువు తేడా అంది. ఇంట్లో కోడలు కూడా గంపలో టమాటాలు ఏరినప్పుడు తను ఏరుతున్నానని ఎరుగును. ఇంత చదువుకున్న మనిషికి ఆ ఎరుక లేకపోయింది.

"ఇది నాకివ్వు," అంది.

ఆ పని ఆమె తన చేతులతోనే చేసింది. మత్తు, కత్తెర, బ్లేడు, సూది. చేతులు ఎప్పటిలాగే మరబొమ్మ చేతుల్లా నడిచాయి. మొదటి కణంలో రెండు మెట్లు. రెండో కణంలో రెండు. మూడోదాంట్లో సూది ఎటు జరిపినా రెండే. తర్వాత కిందికెళ్ళి అదే పెట్టెలోంచి అదే తల్లి కన్న లావు పిల్లని తెచ్చింది. ఒక్కటే మెట్టు. ప్రతి కణంలోనూ ఒక్కటే, అచ్చువేసే బొమ్మలా అందంగా. ట్రూడీ వెనక నిలబడి అంతా చూసింది.

"అయితే నా చెయ్యి..." అంది.

"నీ చెయ్యి బాగుంది," అంది లరిస్సా, వాతావరణం సంగతి చెప్పినట్టు.

సాయంత్రం బండెక్కి వెనక్కి కదిలించగానే ముందువైపు టప్పుమని శబ్దమైంది. గడ్డకట్టే చలిలో ఇంజను వెచ్చగా ఉండేందుకు గోడకి తగిలించిన కరెంటు తీగ పీకడం మరిచిపోయింది. తెగిన తీగ బంపరు నుంచి మంచు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి చలికాలం చేసే పని అది. ఆమె అక్కడే పుట్టింది. బండాపి, దిగకుండా, స్టీరింగు పట్టుకుని కూర్చుంది. నాలుగు ముక్కలు చెబితే చాలు. వ్యాసం అచ్చవుతుంది, ఉద్యోగం వస్తుంది, ఇంకెవరో ఎప్పుడో ఎక్కడో బక్కపిల్లని కోసేదాకా ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఆరేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. రెండు వైపులా తూచి చూసుకుంది. ఏ వైపూ బరువనిపించలేదు. అందుకు మాత్రం ఆమెకి కాస్త భయం వేసింది.

*

"ఎక్కడ చెడగొడుతోంది?" అన్నాడు గోర్డన్ శుక్రవారం ఉదయం. ఈసారి డోనట్లు లేవు.

"ఎక్కడా లేదు. ఆమె చెయ్యి నా చెయ్యికంటే మంచిది. తప్పు నాది."

చెప్పింది. పెట్టె, కుప్ప, అంచున ఉన్న పిల్ల, నిన్నటి మెట్లు, అన్నీ. ఆయన మధ్యలో అడ్డురాలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు. తెలివైన మనిషి. సగంలోనే అర్థమైపోయిందని ఆయన చెవులు ఎర్రబడడం చూస్తే తెలిసింది.

"బక్కవాటిని వదిలేయమని నీకెవరు చెప్పారసలు?"

"మీరే. నేను చేరిన వారంలో. నా చేతిలోంచి బక్కపిల్లని తీసి, లావుదాన్ని పెట్టారు. దీంతో పని సుఖం అన్నారు."

"నేనా? నాకు గుర్తులేదే." నిజంగానే గుర్తులేదు ఆయనకి. ఆయనకీ ఎవరో అలాగే చేతిలో పెట్టి ఉంటారు.

గోర్డన్ కిటికీ దగ్గరికి వెళ్ళి మంచు చూస్తూ నిలబడ్డాడు. పిల్లిని ఎంత ఎత్తు నుంచి పడేసినా కాళ్ళ మీదే పడుతుంది. ఇటు తిరిగేసరికి ఆయన ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

"లరిస్సా, ఇది ఇంకా పెద్ద కథ! కాదా? ఆకలి! పాలు చాలని పిల్లకి మెదడులో తీగలు తప్పుకోవు. తప్పుకోవడానికి కూడా కడుపు నిండాలన్నమాట. జన్యువు సంగతి ఎవడిక్కావాలి? పాతది వెనక్కి తీసుకుందాం. ఇది నువ్వు రాయి. వ్యాసం మీద మొదటి పేరు నీదే. తూర్పు తీరం వాళ్ళతో ఒక్క ఏడాది ఆగమని నేను మాట్లాడతా."

"మరి ట్రూడీ?"

"ట్రూడీ..." ఆయన మళ్ళీ కళ్ళద్దాలు తీశాడు. "చూడు, కమిటీకి మొన్ననే ఒకటి చెప్పాను. ఇవాళ ఇంకోటి చెబితే నా మాటకి విలువేముంటుంది? ఆ అమ్మాయి కూడా మనసు సిద్ధం చేసుకునే ఉంది. ఇంకెక్కడైనా చేరడానికి మంచి మాట నేను చెప్తాలే."

లరిస్సా కూర్చునే ఉంది. రావలసిన కోపం రాలేదు. దానికి బదులు, నీళ్ళలో అడుగున ఉన్న రాయి కనిపించినట్టు, లెక్క కనిపించింది.

"రాయడానికి నా దగ్గర ఏం లేదు," అంది. "మామూలు పిల్లల్లో నేను కోసిన బక్కది ఒకే ఒక్కటి, నిన్నటిది. మిగిలినవాటినన్నిటినీ పారేశాను. మీ కొత్త కథకి కావలసినవన్నీ ట్రూడీ తీసినవే."

"ఎవరు తీసినా రికార్డులు లేబొరేటరీవే కదా."

"లేబొరేటరీవే. కానీ తీసిన మనిషి చెయ్యి మంచిది కాదని కమిటీకి మీరే చెప్పారు."

చెయ్యి చెడ్డదైతే రికార్డులు చెడ్డవి. రికార్డులు కావాలంటే చెయ్యి మంచిది కాక తప్పదు. లరిస్సా ఆయన్ని సాధించాలని అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. గోర్డన్ బల్ల దగ్గరికి వచ్చి, కమిటీకి చెప్పడానికి ఫోను అందుకున్నాడు.

"మొదటి పేరు ఆమెదే అయితే నీ ఉద్యోగం మాటేంటి?" అన్నాడు నంబరు నొక్కబోతూ. అందులో బెదిరింపు లేదు. ఆయన నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు.

"పోతుంది," అంది లరిస్సా.

సోమవారం ఇద్దరూ ఎలుకల గదిలో ఉన్నారు. ఇక నుంచి ఏరకుండా, పుట్టినవాటినన్నిటినీ తూచి కొయ్యాలి. అన్నీ మొదటి నుంచి. ట్రూడీ కృతజ్ఞతలేం చెప్పలేదు. "చూసింది చెప్తానన్నారు, చెప్పారు" అని, పెరోగీల డబ్బా ఒకటి ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళింది. అంతకంటే ఎక్కువ మాట్లాడితే ఇద్దరికీ ఇబ్బందే.

లరిస్సా పెట్టె మూత తీసింది. ఆమె చెయ్యి తన పాటికి తను మధ్యలో ఉన్న లావు పిల్ల మీదికి వెళ్ళింది. వెళ్ళడం ఆమె చూసింది. ఆరేళ్ళలో మొదటిసారి చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని, అంచున ఉన్నదాన్ని ఎత్తింది. చేతిలో బరువే లేదు. పిల్ల కాళ్ళు నాలుగూ చాచి, అరచేతిలో మూతితో తడుముకుంటూ, చూపుడువేలి కొస దొరకగానే చన్ననుకుని చప్పరించసాగింది. దాని గుండె టకటకా కొట్టుకోవడం ఆమె వేలి కింద తెలుస్తోంది.

మత్తు డబ్బా మూత తీసి ఉంది. పిల్లని అందులో వెయ్యాలి. వెయ్యబోతే చెయ్యి తెరుచుకోలేదు. ఈ దేశంలోనే లేనంత పని తెలిసిన ఆ చెయ్యి, డబ్బా అంచు దగ్గరే ఆగిపోయింది. ఆమె రెండో చేతిని కూడా పిల్ల చుట్టూ చేర్చింది.

"ఇటియ్యండి, నేను చేస్తా," అంది ట్రూడీ మెల్లగా.

"వద్దు. నేనే చేస్తాను," అంది లరిస్సా. "కాసేపు ఆగు. దీన్ని కాసేపు ఉండనీ."

ట్రూడీ డబ్బా మూత పెట్టింది. పిల్ల వేలిని చప్పరిస్తూనే ఉంది. వెచ్చగా ఉంది. ఎలుకపిల్లలు వెచ్చగా ఉంటాయని లరిస్సా మరిచిపోయి చాలా ఏళ్ళయింది.